జీపుకి పాత గుండె

అమెరికాలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి ‘మజిల్‌ కారు’ అంటే ప్రాణం. 1964లో పాంటియాక్‌ సంస్థ ఓ మధ్యరకం కారులో 6.4 లీటర్ల భారీ ఇంజిను బిగించి ‘జీటీఓ’ అని పేరుపెట్టి అమ్మింది. 325 హార్స్‌పవర్‌! అదే ఏడాది ఏప్రిల్లో ఫోర్డ్‌ మస్టాంగ్‌ వచ్చింది. ఇక అక్కడి కుర్రాళ్లకి కొన్న కారుని కొన్నట్టే ఉంచుకోవడం నామోషీ అయిపోయింది. సైలెన్సరు మార్చాలి, స్ప్రింగులు మార్చాలి, వీలైతే ఇంజినే మార్చాలి.

నంద్యాల వీధుల్లో మస్టాంగ్‌ కోసం వెతికితే దొరకదు. 2016లో ఫోర్డ్‌ మనదేశంలోనూ దాన్ని అమ్మకానికి పెట్టింది కానీ ధర 65 లక్షలు. పైగా ఆ కారు ఎత్తు చూస్తే... శిరివెళ్ల దాటి ఏదైనా పల్లెదారి పట్టిందంటే మొదటి గుంతలోనే పొట్ట నేలకి ఆనుతుంది. అయినా ఈ ప్రాంతానికీ తనదైన అమెరికా బండి ఒకటుంది. విప్పి, కోసి, అతికి, మళ్లీ బిగించుకున్న బండి. కండబలానికి మారుపేరైన బండి. అదే జీపు!

యుద్ధం కోసం పుట్టిన బండి అది. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి ఫోర్‌వీల్‌ బండి కావాలని, నమూనాని 49 రోజుల్లో తెచ్చివ్వాలని గడువు పెట్టింది. బాంటమ్‌ అనే చిన్న కంపెనీ దాన్ని అందుకుంది. తర్వాత విల్లీస్‌, ఫోర్డ్‌ కంపెనీలు రంగంలోకి దిగి యుద్ధం ముగిసేలోగా 6 లక్షలకు పైగా తయారుచేశాయి. మన మహీంద్రా సంస్థ 1947లో విడిభాగాల రూపంలో 75 జీపుల్ని తెప్పించి ఇక్కడ బిగించడంతో మనదేశంలో దాని కథ మొదలైంది. ఆ తర్వాత అమెరికాలో మోడళ్లు ఎన్నో మారాయి కానీ మనవాళ్లు మాత్రం సీజే-3బీ అనే ఎత్తు బానెట్టు మోడల్ని పట్టుకుని దశాబ్దాలపాటు వదల్లేదు.

అలాంటి సీజే-3బీ ఒకటి ఆళ్లగడ్డకి దగ్గర్లోని ఓ పల్లె నుంచి నంద్యాలకి ఇప్పటికీ తిరుగుతోంది. దాని యజమానికి అరవై దాటాయి. నంద్యాలలో ఎరువుల దుకాణం. పేరెందుకు లెండి, ఆ దారిన వెళ్లేవాళ్లకి మనిషికన్నా బండే ఎక్కువ తెలుసు. 1968లో వాళ్ల నాయన కొన్నాడు దాన్ని. వేరుశనగ మూటలు మోసింది. పురిటినొప్పులు పడుతున్నవాళ్లని అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చింది. ఊళ్లో పెళ్లయితే పెళ్లికొడుకుని ఊరేగించింది. దానిమీదే ఆయన డ్రైవింగ్‌ నేర్చుకున్నాడు, దానిమీదే పెళ్లిచూపులకీ వెళ్లాడు.

జీపు అనగానే సీమలో మరో ముచ్చట తప్పదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చాక తెలుగు సినిమాకి కర్నూలు జిల్లా అంటే బాంబులూ వేటకొడవళ్లూ గాల్లోకి లేచే సుమోలే అయిపోయాయి. సుమోలకి ముందు ఆ పాత్ర జీపులదే. హైదరాబాదులో ఓసారి పార్కింగ్‌ దగ్గర ఓ కుర్రాడు ‘అంకుల్‌, ఇది ఫ్యాక్షన్‌ జీపా?’ అని ఆయన్ని ఉత్సాహంగా అడిగాడట. ‘కాదు నాయనా, యూరియా జీపు’ అన్నాడాయన. నవ్వుతూ చెప్పినా ఆ ప్రశ్న ఆయనకి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నిజానికి ఆళ్లగడ్డ అంటే రాతిలో దేవుళ్లని చెక్కే శిల్పుల ఊరు. కానీ ఉలిదెబ్బలతో సినిమా ఆడదు కదా!

మార్పులు చేసిన అమెరికా బండ్లలో తెలుగువాళ్లకి బాగా తెలిసింది మరొకటుంది. 1982లో ఎన్టీ రామారావు రాష్ట్రమంతా తిరిగిన ‘చైతన్య రథం’ ఓ పాత షెవర్లే వ్యానే. దాన్ని ప్రచారానికి అనువుగా మార్చుకున్నారు. హరికృష్ణ నడిపారు. పాత బండిని అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం మనకి కొత్తేం కాదన్నమాట.

ఎరువుల దుకాణం ఆయన జీపులోనూ అలాంటి మార్పే జరిగింది. అసలు ఇంజిను పెట్రోలుది. 2.2 లీటర్లు, హరికేన్‌ అని దాని పేరు. లీటరుకి ఏడెనిమిది కిలోమీటర్లకు మించి ఇచ్చేది కాదు. వ్యవసాయం చేసుకునే ఇంటికి అది తెల్ల ఏనుగే. 1986లో వాళ్ల నాయన ఓ నిర్ణయం తీసుకున్నాడు. పెట్రోలు ఇంజిను దించి డీజిలు ఇంజిను పెట్టించాలని. అప్పట్లో అలా మార్చుకున్న జీపులు ఎన్నో! కొందరు ట్రాక్టరు ఇంజిన్లు పెట్టించారు. ఈ పెద్దాయన బజాజ్‌ టెంపో వాళ్ల మాటడార్‌ వ్యాను ఇంజిను సంపాదించాడు. అది జర్మనీ బెంజ్‌ కంపెనీ డిజైనుతో తయారైంది. అంటే ఒళ్లు అమెరికాది, గుండె జర్మనీది, చేతిపని నంద్యాలది!

అది పైకి చెప్పినంత తేలిక కాదు. డీజిలు ఇంజిను బరువెక్కువ. ముందు కమానుపట్టీలు కుంగిపోతాయి, ఒకటో రెండో పట్టీలు అదనంగా వేయాలి. ఇంజినుకీ గేరుబాక్సుకీ బోల్టుల రంధ్రాలు కలవవు, మధ్యలో లేత్‌ మీద చేయించిన మందపాటి ఇనుప ప్లేటు పెట్టాలి. ఇంజిను కూర్చునే దిమ్మెల్ని కోసి కొత్తచోట వెల్డింగ్‌ చేయాలి. అంతా అయ్యాక మరో తలనొప్పి. సీజే-3బీలో చక్రం ఒక్కసారి తిరగాలంటే ప్రొపెల్లర్‌ షాఫ్టు 5.38 సార్లు తిరగాలి. డీజిలు ఇంజినేమో నిదానంగా తిరిగే రకం. దాంతో అరవై దాటితే బండి గగ్గోలు పెట్టేది. ఆ లెక్క తగ్గే క్రౌన్‌వీలూ పినియనూ వేరే తెచ్చి వేస్తేగానీ దారికి రాలేదు. మొత్తం 40 రోజులు పట్టింది. ఆ 40 రోజులూ పెద్దాయన రోజూ బస్సెక్కి నంద్యాల వచ్చి షెడ్డులో స్టూలేసుకు కూర్చున్నాడు. ఆయన స్వయంగా ఆకురాయి పట్టి అరగదీసిన ఇంజిను బ్రాకెట్టు మొన్నమొన్నటిదాకా బండిలోనే ఉంది.

అన్నీ చేశారు కానీ ఒక్క పని మరిచారు. ఇంజిను మార్చిన సంగతి రవాణా శాఖకి చెప్పి ఆర్సీలో రాయించలేదు. అప్పుడు ఎవరడిగారు గనక!

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ చెప్పేది సూటిగానే ఉంటుంది. ఇంజిను మారిస్తే 14 రోజుల్లోగా తెలియజేయాలి, ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. తయారీదారు నిర్ణయించిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. అంతకుముందే 2017 డిసెంబరులో ముందు బంపర్లకి బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం రాష్ట్రాలకి రాసింది. కొత్త థార్‌ కొనుక్కుని అడ్డంగా బలిసిన టైర్లు వేసుకునే కుర్రాళ్లు ఇవన్నీ పట్టించుకుంటున్నారా అంటే... అది వేరే కథ.

ఆయన మాత్రం పట్టించుకోవాల్సి వచ్చింది. ఐదేళ్లకోసారి వచ్చే రిజిస్ట్రేషన్‌ రెన్యువల్‌ దగ్గరపడింది. పాత బండ్ల రెన్యువల్‌ ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5 వేలయింది. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్లు దాటిన కార్లూ జీపులకి 10 వేలు చేశారు. ఫీజు సంగతి సరే, కట్టొచ్చు. కలవని ఇంజిను నంబరు సంగతేంటి? ఆయన్ని దీనికన్నా ఎక్కువగా భయపెట్టింది ఇంకోటుంది. పండగలప్పుడు ఊళ్లోవాళ్లని అహోబిలం తీసుకెళ్లడం ఆయనకి అలవాటు. ఎగువ అహోబిలం దాకా ఏ బండైనా పోతుంది. అడవిలోని పావన నరసింహస్వామి గుడికి మాత్రం రాళ్లూ రప్పల బాట. కాలినడకన వెళ్లాలి, లేదా జీపెక్కాలి. ఓసారి ఆ బాటలో దిగుతుంటే బండి పక్కకి జారి బండరాయికి ఆనుకుని ఆగింది. వెనక ఎనిమిదిమంది. ముగ్గురు చిన్నపిల్లలు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి ఆయనకి నిద్రపట్టలేదు. జరగరానిది జరిగుంటే? చెప్పకుండా మార్పులు చేసిన బండికి బీమా కంపెనీ డబ్బివ్వనంటే ఆ పిల్లల తల్లిదండ్రులకి ఏం ముఖం చూపించాలి?

‘అమ్మెయ్‌ నాన్నా’ అంది కూతురు. డాలస్‌లో ఉంటుంది. వాళ్లాయనకి మస్టాంగ్‌ ఉంది. వారానికోసారి వీడియో కాల్లో మామా అల్లుళ్లు మాట్లాడుకునేదంతా ఇంజిన్ల గురించే. అల్లుడు కాటలాగు చూసి సైలెన్సరు తెప్పించుకున్నాడు, స్ప్రింగులు తెప్పించుకున్నాడు. ‘మీకు అన్నీ సుఖమే కదా అల్లుడూ’ అన్నాడాయన. ‘ఎక్కడ మామా, ఇక్కడా కాటలిటిక్‌ కన్వర్టర్‌ పీకేస్తే నేరమే’ అన్నాడు అల్లుడు. మామని జీపు అమ్మమనడానికి మాత్రం అతనికి నోరు రాలేదు. రాదు కూడా!

2021 జులైలో కేంద్రం తెచ్చిన ‘వింటేజ్‌’ నిబంధన గురించి చెప్పిందీ అల్లుడే. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకి వేరే రిజిస్ట్రేషన్‌ ఇస్తారు. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ రెండు మెలికలు. ఇంజిను మార్చి ఉండకూడదు. పైగా ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకే తీయాలి. రెండోది వినగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. ‘బండిని అద్దాల బీరువాలో పెట్టుకుని ఏం జేయాల?’

మిగిలింది ఒకే దారి. నాయన దించేసిన పెట్రోలు ఇంజిన్ని మళ్లీ ఎక్కించడం! అది ఎక్కడికీ పోలేదు. ఊళ్లో గొడ్ల కొట్టంలో, గోనెపట్టా కింద ఉంది. పెద్దాయన బతికున్నన్నాళ్లూ ప్రతి ఆయుధపూజకీ దాని ప్లగ్గుల రంధ్రాల్లో చెంచాడు నూనె పోసి చేత్తో నాలుగు చుట్లు తిప్పేవాడు. ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకునేవాళ్లు. 2011లో ఆయన పోయాక ఆ పని ఎవరూ చేయలేదు.

ఇంజిను తెచ్చి చూస్తే పట్టేసి ఉంది. మెకానిక్‌ భాయ్‌ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. 1986లో ఇదే షెడ్డులో పదిహేనేళ్ల పిల్లాడిగా ఆ ఇంజిను దించుతుంటే లైటు పట్టుకున్నది అతనే.

‘ఏం భాయ్‌, తిరుగుతాదా?’

‘పెద్దాయప్ప నూనె పోసిన ఇంజినన్నా, పాతికేళ్లు కాచినాడు. చూద్దాం, టైమివ్వు.’

సిలిండర్లలో డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి తొమ్మిది రోజులు నానబెట్టాడు. పదోరోజు ఫ్లైవీలు వేలెడంత కదిలింది. ఈ రకం ఇంజినులో గాలి లోపలికొచ్చే వాల్వులు హెడ్డులో ఉంటే పొగ పోయే వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. ఆ కిందవే రెండు బిగుసుకుపోయి ఏడిపించాయి. రింగులూ గాస్కెట్లూ దొరికాయి కానీ కార్బురేటరు కోసం నాలుగు ఊళ్లు తిరగాల్సి వచ్చింది.

అయితే అసలు కష్టం ఇనుముతో కాదు. డీజిలు ఇంజిను కిందికి దించేరోజు ఆయన షెడ్డుకి రాలేదు. నాయన 40 రోజులు స్టూలేసుకు కూర్చుని చేయించిన పని అది. ఇప్పుడు కొడుకే విప్పిస్తున్నాడు! భాయ్‌ సాయంత్రం దుకాణానికొచ్చి బల్లమీద ఓ గుడ్డమూట పెట్టాడు. లోపల నాయన అరగదీసిన బ్రాకెట్టు. ఆయన చాలాసేపు దాన్ని అటూఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాత అన్నాడట... ‘వద్దనుకునింటే పెట్రోలింజిన్ని ఆ పొద్దే ఇనుప కొట్టోడికి ఏసుండేటోడు గదా భాయ్‌. ఎందుకు దాసిపెట్టినాడు?’

బ్రాకెట్టు ఇప్పుడు దుకాణంలో కాగితాలు ఎగరకుండా పెట్టే బరువు. డీజిలు ఇంజిను గొడ్ల కొట్టానికి చేరింది.

ఇంజిను నంబరు ఆర్సీతో కలిసింది. రెన్యువల్‌ అయింది. జీపు మళ్లీ ఏడెనిమిది కిలోమీటర్ల రోజుల్లోకి వచ్చిపడింది. ‘పెట్రోలు తాగుతాందా, పారబోస్తాందా?’ అని ఇంట్లో ఆవిడ దెప్పుతోంది. అహోబిలం మాత్రం మానలేదు, మనుషుల్ని ఐదుగురికి తగ్గించారు.

మొదటి వేసవిలోనే ఓ మధ్యాహ్నం నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్తుంటే శిరివెళ్ల దగ్గర బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నంద్యాల ఎండ సంగతి తెలిసిందేగా! బానెట్టు ఎత్తితే అన్నీ బాగానే ఉన్నాయి. ఆయన భాయ్‌కి ఫోన్‌ చేశాడు. వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైపోతే ఇలా ఆగుతుందని, తడిగుడ్డ చుట్టి కాసేపు ఆగమని చెప్పాడతను. చిన్నప్పుడు ఎండాకాలం నాయన సీటు కింద ఎప్పుడూ ఓ పాత తువ్వాలూ నీళ్ల చెంబూ ఎందుకుంచేవాడో ఆయనకి అప్పుడు అర్థమైంది. తలకి చుట్టుకోవడానికేమో అనుకునేవాడు ఇన్నాళ్లూ. పక్కన టీ కొట్టులో చెంబెడు నీళ్లడిగి భుజంమీది తువ్వాలు తడిపాడు.

‘ఏమైందన్నా?’ అన్నాడు టీ కొట్టు కుర్రాడు.

‘ఏం కాలేదప్పా. దీనికి ఎండ పడదు. ఒక టీ ఇయ్యి, తాగేలోపల అదే పోతాది.’