జాడీ మూత తీసి చూశారా?



మేమిద్దరం డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్లం. అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకుని విమానం ఎక్కిన వేలమందిలో మేమూ ఉన్నాం. "అర్ధరాత్రి ఫోను మోగితే లేచి ఏం చేస్తారు?" అని మా పిల్లలే అడుగుతుంటారు. పండుగల గురించి, పద్యాల గురించి రాసేవారు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు కనుక, మేము మా వృత్తి గురించే రాస్తున్నాం. మన బడి పిల్లల జాబితా కూడా ఒక చిన్న డేటాబేస్‌లోనే ఉంది. ఎవరికి వేరుశనగ పడదో, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో అన్నీ అందులోనే. క్లాసులో ఒక పిల్లవాడి మొహం వాచిందంటే ఆ నంబరు ఆ నిమిషానే దొరకాలి.

ఈ పట్టికల పద్ధతిని 1970లో ఐ.బి.ఎం.లో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించారు. అన్నాచెల్లెళ్ళిద్దరూ మన బడిలో చదువుతుంటే నాన్నగారి నంబరు రెండుసార్లు రాయం. కుటుంబాల పట్టికలో ఒకసారి రాసి, ఆ కుటుంబం సంఖ్యను పిల్లల పట్టికలో పెడతాం. నంబరు మారితే ఒక్కచోట దిద్దితే సరి.

మన తెలుగు పేర్లతో ఒక తిప్పలుంది. యు.టి.ఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు చాలు, తెలుగు గుర్తుకు 3 కావాలి. 'శ్రీ' మనకు ఒక్క అక్షరమే. కంప్యూటరుకు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి 4 గుర్తులు, 12 బైట్లు. 'శ్రీలక్ష్మి'కి 33 బైట్లు! ఒరాకిల్‌లో పేరుకు 20 అని రాసి ఊరుకుంటే మామూలుగా అవి బైట్ల లెక్కే, ఆ అమ్మాయి పేరు పట్టదు. 20 పక్కన 'చార్' అని రాయాలి. మై ఎస్‌క్యూఎల్ అయితే యు.టి.ఎఫ్-8 ఎంబీ4 ఎంచుకోవాలి. పాత లాటిన్-1 పట్టికలో తెలుగు పేరు ప్రశ్నార్థకాలుగా నిలవైపోతే, దాన్ని మళ్ళీ తెలుగు చేసే మంత్రమేదీ లేదు.

ఇక అసలు సంగతి, బ్యాకప్. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు, తాను రెండో సర్వరులో ఉన్నాననుకుని అసలు సర్వరులోని డేటాను చెరిపేశారు. గమనించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 మిగిలింది. బ్యాకప్ ఉందిగా అనుకున్నారు. తీరా చూస్తే రోజూ జరగాల్సిన బ్యాకప్ ప్రోగ్రాము వెర్షన్ కుదరక విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్ళు ఎవరికీ చేరడం లేదు. చివరికి పరీక్షల కోసం దాదాపు 6 గంటల ముందు తీసిపెట్టిన నకలే ఆదుకుంది. ఆ 6 గంటల డేటా మాత్రం పోయింది. వాళ్ళు ఏదీ దాచకుండా అంతా బయటపెట్టారు, అది మాకు నచ్చింది. ఆ ఇంజనీరుని తప్పుపట్టడం మాకు చేతకాదు. ఒకేలా కనిపించే రెండు నల్ల తెరల మధ్య నిద్రకళ్ళతో కూర్చున్నవారికి తెలుస్తుంది ఆ బాధ. అందుకే మేము అసలు సర్వరు తెరకు ఎర్రరంగు పెట్టుకుంటాం.

ఆవకాయ జాడీకి వాసెన కట్టి అటకెక్కిస్తే సరా? మూత తీసి చూస్తేనే కదా బూజు పట్టిందో లేదో తెలిసేది. బ్యాకప్ కూడా అంతే, వేరే కంప్యూటర్లోకి తిరిగి ఎక్కించి చూడాలి.

మరొకటి. డిలీట్ కొట్టేముందు అదే షరతుతో సెలెక్ట్ కొట్టండి. 3 పేర్లు రావలసిన చోట 300 వస్తే అక్కడే ఆగిపోవచ్చు. కమిట్ చేసేదాకా రోల్‌బ్యాక్‌తో వెనక్కి రావచ్చు. కానీ మై ఎస్‌క్యూఎల్ మామూలుగా ప్రతి ఆజ్ఞనూ వెంటనే ఖాయం చేసేస్తుంది, అందుకని ముందు స్టార్ట్ ట్రాన్సాక్షన్ అనాలి.

మన బడి జాబితాకు నెలకోసారి పరీక్ష చాలు. తిరిగి ఎక్కించాక పిల్లల సంఖ్య సరిపోయిందా, పేర్లు తెలుగులోనే ఉన్నాయా అని చూడాలి. అరగంట పని. హైస్కూలు పిల్లలెవరైనా ఒక శనివారం వస్తే దగ్గరుండి చేయిస్తాం. లాప్‌టాప్ మాదే, టిఫిన్ కూడా మాదే.