వినడం నేర్చుకున్నాను

మా ప్రాంతంలో ‘కౌన్సెలింగ్’ అనే మాటకు రెండే అర్థాలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి ఇంజినీరింగ్ సీట్ల కేటాయింపు. రెండోది భార్యాభర్తలను పోలీసు స్టేషనుకు పిలిచి మందలించడం. ఒక విశ్వవిద్యాలయంలో నాకు కౌన్సెలర్‌గా ఉద్యోగం వచ్చిందని తెలియగానే, బోధన్ శక్కర్‌నగర్ నుంచి మా బాపు స్నేహితుడొకాయన వచ్చి, “బిడ్డా, మా మనుమనికి మంచి సీటు ఇప్పియ్యి” అని అడిగాడు. నా పని అది కాదన్నాను. “మరేం పని?” అన్నాడాయన. ఆనాడు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను.

హింసకు, వేధింపులకు గురైన విద్యార్థులకు అండగా నిలవడమే నా పని. చదువుకున్న శాస్త్రం చాలుననుకొని ఆ కుర్చీలో కూర్చున్నాను. మొదటి సంవత్సరమే ఒక విద్యార్థిని వచ్చింది. తెలిసినవాడే తనను హింసించాడని తల వంచుకొని చెప్పసాగింది. నేను మధ్యలో అందుకొని, “అంత పొద్దుపోయాక అక్కడికెందుకు వెళ్లావమ్మా?” అని అడిగాను. ఆమె మాట ఆగిపోయింది. సంచి భుజాన వేసుకొని, “ఏం లేదు మేడం” అంటూ లేచి వెళ్లింది. మళ్లీ రాలేదు. ఆ సంవత్సరం పరీక్షలు కూడా రాయలేదని తరువాత తెలిసింది. నా ప్రశ్నలో కోపం లేదు, ద్వేషం లేదు. అయినా తప్పు ఆమెదేనన్న తీర్పు అందులో దాగి ఉంది.

ఆ రాత్రి నాకు మా బాపు గుర్తుకు వచ్చాడు. 1937లో స్థాపితమై, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారంలో ఆయన కాటా దగ్గర పనిచేసేవాడు. చెరకు బండ్లు గేటు ముందు బారులు తీరి ఉండేవి. కొట్టిన చెరకు ఎంత ఆలస్యమైతే అంత తీపి కోల్పోతుంది. బరువు కూడా తగ్గుతుంది. అందువల్ల వరుసలో నిలిచిన రైతుకు ప్రతి గంటా నష్టమే. బాపు తూకం చీటీ రాసేముందు, “ఎప్పుడు బయలెల్లినవే అన్నా? నీళ్లు తాగినవా?” అని అడిగేవాడు. వరుసను తగ్గించడం ఆయన చేతిలో లేదు. ఎదుటి మనిషి అలసటను గుర్తించడం మాత్రం ఆయన చేతిలోనే ఉంది. బాపుకు తెలిసిన ఆ మర్యాద నా చదువులో కొరవడింది.

డిచ్‌పల్లి దారిన పోయినప్పుడల్లా మరొక విషయం జ్ఞాపకం వస్తుంది. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే. అంతకు ఎన్నో ఏళ్లకు పూర్వం, 1915లో, ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు భర్తతో కలిసి అక్కడ కుష్ఠు రోగులకు ఆసుపత్రి నెలకొల్పింది. లోకం ఆ రోగాన్ని కాక రోగినే అసహ్యించుకున్న కాలమది. హింస విషయంలో మనం నేటికీ అదే చేస్తున్నాము. సిగ్గుపడవలసినవాడు తలెత్తుకొని తిరుగుతుంటే, గాయపడినవారు తలుపులు మూసుకుంటున్నారు.

చట్టం కొంత దారి చూపింది. ‘విశాఖ’ తీర్పు అనగానే మనకు సముద్రతీర నగరం స్ఫురిస్తుంది. నిజానికి అది రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు నుంచే 2013 నాటి చట్టం పుట్టింది. దానిని అనుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2015 నిబంధనలు రూపొందించింది. ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి. సాధారణంగా 3 నెలలలోగా ఫిర్యాదు చేయాలి. 90 రోజులలో విచారణ ముగియాలి. బాధితుల పేరు బయటికి రాకూడదు. కళాశాల వెలుపల ఆపద ఎదురైతే 181 సంఖ్యకు ఫోను చేయవచ్చు. ‘సఖి’ కేంద్రాలలో వైద్యం, న్యాయసలహా, తాత్కాలిక ఆశ్రయం ఒకేచోట లభిస్తాయి. అయితే చట్టం తలుపు తెరిచి ఉంచగలదు గాని, చేయి పట్టుకొని గడప దాటించలేదు. ఆ పని మనిషే చేయాలి.

ఆ చేయి పట్టుకునేవారికీ సెగ తగులుతుంది. పొయ్యి దగ్గర కూర్చున్నవారికి చెమట పట్టక మానదు కదా! ఇతరుల గాయాలను వినివిని వినేవారి మనసు కూడా గాయపడుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు మెక్‌కాన్, పెర్ల్‌మన్ 1990లోనే వివరించారు. నాకూ నిద్ర పట్టని రోజులు వచ్చాయి. వరండాలో అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడేదాన్ని. నా బరువును పేర్లు చెప్పకుండా ఒక సీనియర్ నిపుణురాలి ముందు దించుకోవడం నేర్చుకున్న తరువాతనే మళ్లీ ఆ కుర్చీలో కూర్చోగలిగాను.

కొన్నేళ్లకు మరొక అమ్మాయి వచ్చింది. గంటసేపు ఒక్క మాటా మాట్లాడలేదు. నేను మంచినీళ్లు ఇచ్చి, “చెప్పాలనిపించినప్పుడే చెప్పు. ఏం చేయాలో నీవే నిర్ణయించుకో. నేను తోడుంటాను” అన్నాను. వెళ్లేటప్పుడు ఆమె, “రేపు కూడా రావచ్చా మేడం?” అని అడిగింది. వచ్చింది. మూడోనాడు మాట్లాడింది. ఫిర్యాదు తానే స్వయంగా రాసుకున్నది.

విద్యార్థులారా! మీ స్నేహితులలో ఎవరైనా ఇటువంటి బాధతో మొదట మీ దగ్గరికే రావచ్చు. ‘ఎందుకు వెళ్లావు?’ అని అడగకండి. వారి మాట నమ్మండి. వారి అనుమతి లేకుండా ఆ సంగతి ఇతరుల ముందు ముచ్చటించకండి. సహాయం దొరికే చోటికి వారితోపాటు నడవండి. ఆనాడు సంచి భుజాన వేసుకొని వెళ్లిపోయిన ఆ అమ్మాయికి నేను చేయలేకపోయినది ఇంతే.