సొమ్మొకడిది, సోకొకడిది

ఏమండీ, మీ పిల్లలెవరైనా అమెరికాలో ఎమ్మెస్ చేస్తుంటే మార్చి నెలలో ఓసారి కదిపి చూడండి. చదువు సంగతి తర్వాత, ముందు బాస్కెట్‌బాల్ కబుర్లే చెప్తారు. 68 కాలేజీ జట్లు, ఓడిన జట్టు నేరుగా ఇంటికి. ఈ పురుషుల టోర్నమెంటును టీవీలో చూపించడానికి సీబీఎస్, టర్నర్ సంస్థలు 2010లో 14 ఏళ్లకు కుదుర్చుకున్న బేరం 1080 కోట్ల డాలర్లు!

మరి ఆడే కుర్రాడికో? స్కాలర్‌షిప్పు, తిండి, బస. అప్పట్లో జీతం మాటెత్తకూడదు. కాలేజీ ఆటల పెద్ద అయిన ఎన్‌సీఏఏ తిండికీ లెక్కలు కట్టింది. బేగల్ అనే గుండ్రటి రొట్టె పెట్టొచ్చట. దానిమీద క్రీమ్ చీజ్ రాస్తే మాత్రం భోజనం కిందికొస్తుందట, కుదరదట! 2014లో కనెక్టికట్ యూనివర్సిటీ జట్టును ఈ టోర్నమెంటులో గెలిపించిన షబాజ్ నేపియర్ కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకున్నానన్నాడు. పెద్ద దుమారమే లేచింది. ఆ ఏప్రిల్‌లోనే తిండి మీద ఆంక్షలు ఎత్తేశారు.

ఇంతకీ ఆ డబ్బంతా ఏమైనట్టు? ఒకచోట గేటు వేస్తే డబ్బు ఆగదండీ, పక్క సందులోంచి పోతుంది. మంచి ఆటగాణ్ణి జీతమిచ్చి పిలవకూడదు కాబట్టి, పేరున్న కోచ్‌నీ తళతళలాడే లాకర్ రూములనీ చూపించి పిలిచేవారు. అందుకే చాలా రాష్ట్రాల్లో సర్కారు జీతగాళ్లందరిలోకీ పెద్ద జీతం గవర్నరుది కాదు, ఫుట్‌బాల్ కోచ్‌దో బాస్కెట్‌బాల్ కోచ్‌దో!

బూట్ల కథా అంతే. 2019లో డ్యూక్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటగాడు జయాన్ విలియమ్‌సన్ నైకీ బూటు ఆట మధ్యలో చీలిపోయింది. మర్నాడు నైకీ షేరు ఒక శాతం పడింది. ఆ చిన్న శాతమే వంద కోట్ల డాలర్ల పైమాట. నైకీతో ఒప్పందం యూనివర్సిటీది; మోకాలు బెణికింది కుర్రాడికి.

2021లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్క మాటగా ఎన్‌సీఏఏకి మొట్టికాయ వేశారు. ఆ జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద ప్రకటనల డబ్బు తీసుకోగలుగుతున్నారు. 2025లో కోర్టు ఆమోదించిన రాజీతో ఒక్కో కాలేజీయే మొదటి ఏడాది దాదాపు 2.05 కోట్ల డాలర్ల వరకూ ఆటగాళ్లకు పంచే వీలొచ్చింది.

ఈసారి ఎవరైనా మీతో "డబ్బుదేముంది, ఇష్టంతో చెయ్యాలి" అంటే, ముందు ఆయన జీతమెంతో అడగండి.