పిడికెడు బియ్యం బడి

విరుదునగరం వర్తకుల వూరు. నూనె, పప్పులు, మిరపకాయల వ్యాపారానికి పేరుపడ్డది. 1923 వరకు దీన్ని విరుదుపట్టి అనేవారు. అక్కడ నేను చూడబోయింది ఒక హైస్కూలును. పేరు క్షత్రియ విద్యాశాల.

1889లో నాడారు వర్తకులు దీన్ని స్థాపించారు. ఆ కాలంలో వారి పిల్లలకు చాలాచోట్ల బడిగడప తొక్కే యోగం వుండేది కాదు. ఎవరో వచ్చి చదువు చెప్తారని కూర్చోకుండా వారొక యేర్పాటు చేసుకున్నారు. ప్రతి ఇల్లాలూ అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. అలా ఇంటింటా పోగైన బియ్యం బడికి ఆధారమైంది. పిల్లలవద్ద జీతం పుచ్చుకోలేదు.

కామరాజుగారు చదివింది యిక్కడే. చిన్నతనంలోనే తండ్రి పోగా, ఆయన చదువు మధ్యలో ఆగిపోయింది. 1954లో మదరాసు ముఖ్యమంత్రి అయినాక ఆ లోటు యితర పిల్లలకు రాకూడదని కాబోలు, బడిలోనే మధ్యాహ్నం అన్నం పెట్టే పథకం తెచ్చారు. దాన్ని 1956లో ఎట్టయపురంలో ప్రారంభించారు. అది తెలుగు పాళెగాండ్రు యేలిన వూరు, సుబ్రహ్మణ్య భారతి పుట్టిన వూరు.

ఎట్టయపురం కోవిల్‌పట్టికి దగ్గర. విరుదునగరం నుంచి సాత్తూరు మీదుగా సుమారు 50 కిలోమీటర్లు దక్షిణంగా పోతే కోవిల్‌పట్టి వస్తుంది. చుట్టూ నల్లరేగడి నేల. అగ్గిపెట్టెలకు ప్రసిద్ధి. అక్కడి కడలమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా దొరికింది. ఇక పిల్లలకు హాకీ అంటే ప్రాణం. కృత్రిమ పచ్చికతో మంచి మైదానం, ఆటగాళ్ళకు ప్రభుత్వ వసతిగృహం వున్నాయి. 2022లో జకార్తాలో ఆసియా కప్పు ఆడి కాంస్యం తెచ్చిన భారత జట్టులోని మారీశ్వరన్, కార్తి యిక్కడ తయారైనవారే.

మైదానం బయట ఒక కుర్రవాడు తన తమ్ముణ్ణి తెలుగులో కేకేశాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. పలకరించి, పేరు రాయమన్నాను. కర్రతో మట్టిలో తమిళ అక్షరాలు రాశాడు.

"తెలుగులో రాయి నాయనా."

"మాట్లాడను వస్తాది తాతా, రాయను రాదు."

వాడి తప్పేముంది? 2006 నాటి చట్టంవల్ల పదో తరగతిదాకా తమిళం తప్పనిసరి. అది చక్కగా నేర్వవలసిందే, వాడి బ్రతుకుతెరువు అదే కదా. దగ్గరలోని ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారు తెలుగింటి బిడ్డ. మనవాళ్ళు యీ నేలకు వలసవచ్చిన కథను తమిళంలో నవలలుగా రాశారు. 1991లో సాహిత్య అకాడమీ బహుమానం అందుకొని, 2021లో కన్నుమూశారు. మన కథ నిలిచింది, సంతోషమే. మన అక్షరం సంగతి?

అది బడిమీద పెట్టవలసిన భారం కాదనుకుంటాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక పావుగంట, నాలుగక్షరాలు దిద్దించే తాతో అవ్వో ఇంటింటా వుంటే చాలు. విరుదునగరం ఇల్లాండ్రు పిడికెడు బియ్యంతోనే హైస్కూలు నిలబెట్టారు గదా!

ఆ కుర్రవాడికి మట్టిలో వాడి పేరు తెలుగులో రాసి చూపాను. మూడే అక్షరాలు. మూడోసారికి తప్పు లేకుండా దిద్దాడు.