ఫ్యాను చప్పుడు

మొన్న శనివారం రాత్రి ఒంటిగంటకి లాప్‌టాప్ ముందు కూర్చుని నేను చేస్తున్న ఘనకార్యం ఏంటంటే, శుభ్రంగా రికార్డయిన ఒక పాట మీద కావాలని గరగర శబ్దం కలపడం. దానికోసం రెండు వేలు చిల్లర పెట్టి ఒక ప్లగిన్ కూడా కొన్నాను. పాడింది మా హాస్టల్ రూమ్మేటు. ప్రొడక్షన్ సపోర్టు, నైట్ షిఫ్టులు అంటూ మూడేళ్ళుగా గిటారు ముట్టుకోనివాడు, గంటకింతని అద్దెకిచ్చే స్టూడియోలో ఇన్నాళ్ళకి ఒక పాట పాడాడు. దానికి 'ఇండీ కళ' తెప్పించే బాధ్యత, వీడియోతో సహా, నాది.

ఇండీ రాక్ మాకు ఇంజనీరింగ్ రెండో ఏడులో ఒక సీనియర్ హార్డ్ డిస్కులోంచి అంటుకున్న జబ్బు. గొంతు నీరసంగా, గిటారు గరుగ్గా ఉంటే అదే ఇండీ అనుకునేవాణ్ణి. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఇండీ అంటే ఇండిపెండెంట్, అంతే. 1977లో మాంచెస్టర్ దగ్గరి బజ్‌కాక్స్ కుర్రాళ్ళు ఇంట్లోవాళ్ళ దగ్గరా స్నేహితుల దగ్గరా ఓ 500 పౌండ్లు అప్పు చేసి, సొంత లేబుల్ పెట్టుకుని 'స్పైరల్ స్క్రాచ్' అనే రికార్డు వేశారు. 1980లో బ్రిటన్‌లో ఇండీ చార్టు మొదలైనప్పుడు కూడా చూసింది పాట ఎలా ఉందని కాదు, పెద్ద కంపెనీల పంపిణీ లేకుండా జనంలోకి వచ్చిందా లేదా అని. మన భాషలో చెప్పాలంటే అది లైసెన్సు సంగతి, యూజర్ ఇంటర్‌ఫేస్ సంగతి కాదు.

మరి ఈ గరగర ఎక్కణ్ణించి వచ్చింది? ఎక్కువగా చేతిలో ఉన్న చవక పరికరాల్లోంచి. గైడెడ్ బై వాయిసెస్ వాళ్ళు 1994లో తెచ్చిన 'బీ థౌజండ్' ఆల్బమ్ చాలావరకు ఇళ్ళలో, గ్యారేజీల్లో, నాలుగు ట్రాకుల టేపు రికార్డర్ల మీద తయారైంది. ఆ బ్యాండు పెద్ద రాబర్ట్ పొలార్డ్ ఒహాయోలో ఏళ్ళ తరబడి నాలుగో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పిన బడిపంతులు. ఆ టేపు బుసలో వినేవాళ్ళకి ఒక నమ్మకం దొరికింది, ఈ మనిషి మనకేమీ అంటగట్టట్లేదని. తర్వాత ఆ బుసే ఒక రుచి అయి కూర్చుంది. మా హాస్టల్ రికార్డింగులూ అలాగే ఉండేవి లెండి, కాకపోతే ఏ రుచీ లేదు. ఫోన్లో రికార్డు చేసేవాళ్ళం, ప్రతి పాటలో సీలింగు ఫ్యాను మూడో సభ్యుడు. ఆపితే ఉక్కపోత.

వీడియోలదీ ఇదే కథ. 1985లో ద రీప్లేస్‌మెంట్స్ చిన్న లేబుల్ వదిలి పెద్ద కంపెనీకి మారారు. ఎంటీవీ కోసం వీడియో చెయ్యాలి. వాళ్ళు చేసిందేంటంటే, 'బాస్టర్డ్స్ ఆఫ్ యంగ్' పాట మొత్తం నలుపు తెలుపుల్లో ఒక స్పీకరు బాక్సుని చూపించడం! చివర్లో ఒకడు లేచి దాన్ని తన్నేసి పోతాడు. అది నిజంగా ధిక్కారమే. కానీ ధిక్కారానికి కూడా డిజైన్ ప్యాటర్న్ తయారవుతుంది. కెమెరా వంక చూడని గాయకుడు, పాత స్వెటరు, అట్టముక్కల సెట్టు, గీతలు పడ్డ ఫిల్ము, మూతపడ్డ ఫ్యాక్టరీ గోడ. ఇవన్నీ నేను ఒక ఎక్సెల్ షీటులో రాసుకున్నాను, నవ్వకండి :-)

ఓకే గో వాళ్ళ ట్రెడ్‌మిల్ వీడియో చూసే ఉంటారు. 2006లో వచ్చింది. నలుగురు మనుషులు, ఎనిమిది ట్రెడ్‌మిల్లులు, కదలని కెమెరా, మధ్యలో కట్ లేని ఒకే షాటు. డాన్సు నేర్పింది గాయకుడి అక్క. చూస్తే నలుగురు కుర్రాళ్ళు సరదాకి చేసినట్టుంటుంది. 2007లో గ్రామీ వచ్చింది. అయితే అప్పటికి వాళ్ళున్నది ఈఎంఐ లాంటి పెద్ద కంపెనీ గొడుగు కింద. విడిపోయి సొంత లేబుల్ పెట్టుకున్నది 2010లో. అంటే వేషానికీ స్వాతంత్ర్యానికీ సంబంధం లేదన్నమాట. ఆ వీడియో నాకిప్పటికీ ఎందుకు నచ్చుతుందంటే, సరదాగా కనబడే దాని వెనక ఒళ్ళు హూనం చేసుకున్న రిహార్సల్ ఉంది. అడుగు తప్పితే దాక్కోడానికి చోటు లేదు.

ఇక నా ఘనకార్యం. ఆదివారం పొద్దున రూమ్మేటుకి వినిపించాను. రెండుసార్లు విన్నాడు.

"ఒరేయ్, హాస్టల్లో ఫ్యాను ఆపరా అంటే ఉక్క అన్నావు. ఇప్పుడు దాన్నే డబ్బులు పెట్టి కొనుక్కొచ్చావా?"

నవ్వాను. వాడు నవ్వలేదు.

"నిజం చెప్పు. నా గొంతు బాలేదని దాస్తున్నావు కదా?"

అవును, దాస్తున్నాను. రెండో చరణంలో శృతి జారింది. స్టూడియోలోనే నాకు తెలిసింది. మూడేళ్ళ తర్వాత పాడినవాడితో అది చెప్పడానికి నోరు రాలేదు. అందుకే గరగర, అందుకే గీతల ఫిల్ము, అందుకే ఎక్సెల్ షీటు. దానికి 'సౌందర్యం' అని పేరు పెట్టుకున్నాను. కోడులో బగ్గుని ఫీచరని చెప్పి క్లయింటుని ఒప్పించడం ఉద్యోగంలో నేర్చుకున్న విద్యే, స్నేహితుడి మీద వాడాను.

"రెండో చరణం జారిందిరా" అన్నాను.

"నాకు తెలుసు. నువ్వు చెప్తావేమోనని చూస్తున్నా" అన్నాడు.

గంట మీటరు తిరుగుతుంటే గొంతు లేవట్లేదన్నాడు. అందుకని ఆ మధ్యాహ్నమే మా గదిలో మైకు పెట్టాం. కిటికీలు మూశాం. ఫ్యాను ఆపేశాం. రెండో చరణం తొమ్మిదోసారికి కుదిరింది. అప్పటికి ఇద్దరి చొక్కాలూ పిండుకునేలా ఉన్నాయి.

వీడియో ఇంకా ఏమీ అనుకోలేదు. ఎక్సెల్ షీటు మాత్రం డిలీట్ చేశాను.