రెండు స్ప్రింగులు

మా మేనల్లుడు హైదరాబాదు శివార్లలో ఒక చిన్న కర్మాగారంలో స్విచ్చులు బిగించే పని చేస్తాడు. ఆమధ్య ఒక సాయంకాలం మొహం వేలాడేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఏమిటయ్యా అంటే, అతను బిగించిన స్విచ్చు ఒకటి లోపల స్ప్రింగు లేకుండానే డబ్బాలోకి వెళ్ళిపోయిందట. సూపర్‌వైజరు నలుగురిలో నిలబెట్టి, "బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా?" అన్నాడట.

"నేనిక ఆ పనికి వెళ్ళను, మామయ్యా!"

పాఠాలు చెప్పే వృత్తి నాది, ఊరుకుంటానా? ఏకాగ్రతను గురించి పావుగంట ఉపన్యసించాను. కాఫీ పట్టుకొచ్చిన మా ఆవిడ అంతా విని, "పోయినేడు ఆ అమ్మాయి పేపరు దిద్దినప్పుడు మీ ఏకాగ్రత ఏ ఊరు వెళ్ళిందండీ?" అంది.

నా నోరు పడిపోయింది. ఆఖరి పేజీ వెనక రాసిన సమాధానం చూడకుండానే మార్కులు కూడేశాను. ఆ పిల్ల తప్పింది. తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన కోపపడి ఉన్నా బాగుండేది, నమస్కారం పెట్టాడు.

అప్పుడు, ఎప్పుడో చదివిన షిగెవో షింగో సంగతి జ్ఞాపకం వచ్చింది. ఆయన జపాను ఇంజనీరు. 1961లో యమదా ఎలెక్ట్రిక్ అనే కర్మాగారంలో సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. చిన్న స్విచ్చు, దానికి రెండు మీటలు, ఒక్కొక్క మీట కింద ఒక్కొక్క స్ప్రింగు. ఎంత హెచ్చరించినా అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఒకటి పెట్టడం మరచేవారు. షింగో ఇంకొక హెచ్చరిక చేయలేదు. ముందుగా రెండు స్ప్రింగులు తీసి ఒక చిన్న పళ్ళెంలో పెట్టుకోమన్నాడు. ఆ తరువాతే బిగించడం. పని అయ్యాక పళ్ళెంలో ఒకటి మిగిలిందా, స్విచ్చు చేయి దాటకముందే సంగతి బయటపడుతుంది. అంతే!

ఇలాంటి ఉపాయాలను మొదట 'బకయోకె' అనేవారు. మూర్ఖుడు చేసినా తప్పు జరగని ఏర్పాటు అన్నమాట. 1963లో ఒక కర్మాగారంలో ఆ మాట విని, తనను మూర్ఖురాలంటున్నారని ఒక కార్మికురాలు ఏడ్చిందట. షింగో దాన్ని 'పోకయోకె' అని మార్చాడు. పోక అంటే ఏమరుపాటు. తెలుగు మాస్టరును గనక, పళ్ళెం కన్నా ఆ ఒక్క అక్షరం మార్పే నాకు ఎక్కువ నచ్చింది.

"మాకు పళ్ళేలెవరిస్తారు మామయ్యా?" అన్నాడు మావాడు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఒక పచ్చడి గిన్నె తెచ్చి అతని చేతిలో పెట్టింది. మర్నాడు పనికి వెళ్ళాడు. ఆ గిన్నె ఇంతవరకు తిరిగి రాలేదు సరికదా, పక్క బల్లవాడు కూడా ఒకటి అడుగుతున్నాడట.

ఇప్పుడు నేనూ పేపర్లు దిద్దేటప్పుడు, ఎన్ని ప్రశ్నలుంటే అన్ని చింతగింజలు సాసరులో వేసుకుని కూర్చుంటున్నాను. ఒక్కొక్క సమాధానానికి ఒక్కొక్క గింజ తీసేయడం. గింజ మిగిలితే పేపరు మళ్ళీ తిరగేస్తాను. చాలాసార్లు ఆ కుర్రవాడు అసలు రాసే ఉండడు.

మొన్న ఆదివారం ఒక గింజ మిగిలింది. తిరగేస్తే రెండు కాగితాలు అంటుకుని ఉన్నాయి. విడదీశాను. మధ్యలో నిండుగా ఒక సమాధానం, చక్కని దస్తూరి.

"అన్నం చల్లారిపోతోందండీ!" అని మా ఆవిడ కేక.

"వస్తున్నా" నంటూనే మొత్తం చదివి, ఏడు మార్కులు వేసి లేచాను.