హాట్ టబ్ మూత బరువెక్కితే

మిషిగన్ చలికాలంలో పెరట్లో హాట్ టబ్ మాకు పెద్ద ఊరట. నిన్న మూత ఎత్తబోతే కదల్లేదు. కొత్తలో ఒంటిచేత్తో లేచేది, ఇప్పుడు ఇద్దరం పట్టాల్సి వచ్చింది. జిప్పు తీసి చూశాను. లోపలి థర్మోకోల్ పలకకు చుట్టిన ప్లాస్టిక్ పొర మడత దగ్గర చిరిగిపోయి ఉంది. ఆవిరంతా అందులోకే దిగింది. పలకను నిలబెడితే కింది మూల నుంచి చుక్కచుక్కగా నీళ్లు.

పైన వినైల్ చిరిగితే ప్యాచ్ అతికించుకోవచ్చు. నీళ్లు తాగిన పలక మాత్రం ఎండలో పెట్టినా మునుపటిలా కాదు, మార్చాల్సిందే. తడి పలక వేడిని ఆపదు, కరెంటు బిల్లు పెరుగుతుంది.

నేను చేసిన పొరపాటొకటి చెప్తాను. నీటిని శుద్ధి చేసే క్లోరిన్ షాక్ వేయగానే మూత మూసేసేవాణ్ని. ఆ ఘాటు లోపలివైపు పొరను తినేస్తుంది, కాసేపు తెరిచి ఉంచాలి. మూత మీది మంచు తీయడానికి పార వాడకండి, మెత్తటి చీపురు చాలు.

కొత్త మూత కొనేటప్పుడు మూతల భద్రతా ప్రమాణమైన ఏఎస్‌టీఎం ఎఫ్1346 లేబుల్ ఉందో లేదో చూడండి. పాతదైనా కొత్తదైనా పట్టీల క్లిప్పులన్నీ బిగించి తాళం వేయండి. ఇంట్లో పిల్లలుంటే తాళం పడిందో లేదో ఈ రాత్రే ఒకసారి వెళ్లి చూసి రండి.